రేవు బజారు చివరి రాయి

మా అన్నయ్యను మూడుసార్లు పిలిస్తే గానీ పలికేవాడు కాదు. చెవుడేమీ లేదు. పక్కింట్లో తాలింపు వేస్తే అది పప్పుకో చారుకో చెప్పగలిగినంత చురుకైన చెవులు. అయినా మొదటిసారి పిలిస్తే విననట్టే ఉండేవాడు. రెండోసారికి ఒక కనుబొమ్మ కదిలేది. మూడోసారికి, "ఏంట్రా నీ గోల, పక్కనే ఉన్నాగా" అనేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. ఇదేం జబ్బు అని అడిగితే నవ్వేవాడు. "మొదటిసారి అలవాటుకి పిలుస్తారు. రెండోసారి కోపంతో పిలుస్తారు. మూడోసారి కూడా పిలిచారంటే నిజంగా నేను కావాలన్నమాట" అనేవాడు. నాకంటే ఆరేళ్లు పెద్ద. పెద్దవాడి తిక్క కాబట్టి ఇంట్లో అందరం దానికి అలవాటు పడిపోయాం.

మాది దివిసీమలో కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు. పేరు చెప్పను. చెప్తే మా ఊరివాళ్లు వచ్చి, ఫలానా మేడ కుడిచేతి వైపు కాదు ఎడమచేతి వైపు అని నాతో పోట్లాడతారు. వాళ్ల సంగతి నాకు తెలుసు, నేనూ అలాంటివాణ్ణే. ఊరికి ఒకే పెద్ద వీధి. కాలవ లాకుల దగ్గర మొదలై కృష్ణ కరకట్ట దగ్గర ఆగిపోతుంది. కాగితాల్లో మెయిన్‌రోడ్డు, మా నోళ్లలో రేవు బజారు. ఒకప్పుడు బందరు నుంచి సరుకులేసుకొచ్చిన పడవలు మా రేవులో ఆగేవట. ఆ చివరి నుంచి ఈ చివరికి మామూలు మనిషి నడిస్తే పావుగంట. మా అన్నయ్యతో నడిస్తే రెండు గంటలు.

ఊరికి ఎవరు కొత్తగా వచ్చినా సరే, ఆయన బజారు చూపించాల్సిందే. బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఆఫీసరు గానీ, మోపిదేవిలో మొక్కు తీర్చుకుని చుట్టపుచూపుగా మా ఇంటికొచ్చినవాళ్లు గానీ, చివరికి ఇన్సూరెన్సు పాలసీ అంటగట్టడానికి వచ్చిన మనిషి గానీ. "పదండి, మా బజారు చూద్దురుగాని" అని చెప్పులేసుకునేవాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ జీతమివ్వలేదు. కొట్టు వదిన మీద వదిలేసి వెళ్లిపోయేవాడు. వదిన అటు చూసి ఇటు చూసి, "వెళ్లారండీ మహారాజు, ఊరేగింపుకి" అనేది. అలా ఎన్నిసార్లు అందో.

మొదలు లాకుల దగ్గర. అక్కడ నిలబెట్టి, నీళ్లు ఎలా ఎక్కుతాయో ఎలా దిగుతాయో చేతుల్తో చూపించేవాడు. తర్వాత కాఫీ హోటలు. ఆ హోటలాయన పెసరట్టులోకి రెండోసారి అల్లం పచ్చడి అడిగినవాణ్ణి తన తాత ఆస్తిలో వాటా అడిగినట్టు చూస్తాడని, ఆయన ఎదురుగానే చెప్పేవాడు. ఆ తర్వాత ఉప్పు కొఠారు. మూరెడు మందం సున్నపు గోడలు. ఆ గోడ మీద ఉప్పెన నీళ్లు నిలబడిన గీత ఉండేది. ఎంత పెద్ద మనిషి వచ్చినా ఆ గీత కింద నిలబెట్టేవాడు. గీత వాళ్ల తల మీద ఇంకా జానెడు పైన ఉండేది. అక్కడ మాత్రం జోకులు వేసేవాడు కాదు. అరచెయ్యి ఆ గీత మీద పెట్టి, "పదండి" అనేవాడు. ఉప్పెన రోజున నన్ను అటక మీదికెక్కించి రాత్రంతా నా చొక్కా కాలరు పట్టుకుని కూర్చున్నది ఆయనే. ఆ సంగతి ఏనాడూ ఎవరికీ చెప్పుకోలేదు.

ఎదురుగా చెక్క బాల్కనీ ఉన్న పాత మేడ. అందులో ఎవరో ఒలందు దొర, అంటే డచ్చివాడు, గొడుగు మర్చిపోయి వెళ్లాడని, ఆ గొడుగు కోసం మళ్లీ ఓడెక్కి వచ్చాడని చెప్పేవాడు. పచ్చి అబద్ధం. ఒకసారి ఓ హిస్టరీ మేష్టారు నిలదీస్తే, "వర్షాకాలంలో వచ్చి చూడండి, మీకే తెలుస్తుంది గొడుగు విలువ" అని తప్పించుకున్నాడు.

వీధి నడిమధ్యన మా కొట్టు. మా నాన్న కాలంలో ఇత్తడి సామాను, అన్నయ్య చేతికొచ్చేసరికి స్టీలు సామాను. ముందు అరుగు, అరుగు మీద పేర్లు కొట్టే మిషను. పెళ్లిళ్లకీ గృహప్రవేశాలకీ గిన్నెలు కొన్నవాళ్లు పేర్లు కొట్టించుకునేవాళ్లు కదా. ఆ బుల్లి మిషను కిర్రుమంటుంటే అన్నయ్య గుండ్రటి అక్షరాలు చెక్కేవాడు. ఊళ్లో ఎవరింట్లో ఏ గిన్నె బోర్లించినా ఆయన రాతే. వచ్చిన అతిథికి ఓ చిన్న గ్లాసు మీద పేరు కొట్టి చేతిలో పెట్టేవాడు. ఆ గ్లాసులు ఎన్ని ఊళ్లకు వెళ్లాయో.

ఇక వీధి చివర, కరకట్ట ఎక్కేముందు, రోడ్డు వార నేలలో పాతుకుపోయిన ఒక చదునైన నల్ల రాయి ఉండేది. చూడ్డానికి ఏముంది, రాయి. కానీ ఊళ్లో ఎవరు పోయినా పాడె ఆ రాయి మీద దించాల్సిందే. కరకట్ట అవతలే శ్మశానం. అక్కడికి వెళ్లేముందు ఆఖరిసారిగా దించి, కర్మ చేసేవాళ్లు చెవిలో మూడుసార్లు పిలుస్తారు. ఏమో, ప్రాణం ఇంకా ఎక్కడైనా తచ్చాడుతుంటే వెనక్కి వస్తుందేమోనని. దింపుడు కళ్లం అంటాం. అన్నయ్య అతిథులకు ఆ రాయి చూపించి, "ఇదండీ మా బజారుకి ఆఖరి స్టాపు. రిటర్ను టికెట్ ఇవ్వరు" అనేవాడు. ఒకసారి నేను పక్కనుండి, "నిన్ను దించినా పలకవులే, నీకు అలవాటేగా" అన్నాను. "నన్ను మూడోసారి పిలిచి చూడు, పలక్కపోతే అడుగు" అన్నాడు. వచ్చినవాళ్లు నవ్వారు. తర్వాత కరకట్టెక్కి, కృష్ణ చూసుకుంటూ గోలీ సోడా తాగి వెనక్కొచ్చాం.

ఇంతవరకూ చెప్పడం తేలికే. ఇప్పుడు నా సంగతి చెప్పాలి.

నేను రోడ్ల పని చూసే ఉద్యోగిని. టేపు పట్టుకుని కొలతలు తీసుకోవడం, పుస్తకంలో రాసుకోవడం, గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులు పెట్టడం నా పని. తొమ్మిదేళ్ల కిందట మా రేవు బజారు వెడల్పు చెయ్యాలని ఆర్డరు వచ్చింది. బస్సులు ఎదురెదురుగా వస్తే ఒకటి వెనక్కి వెళ్లాల్సి వచ్చేది, కాబట్టి ఆ పని అవసరమే, కాదనను. కొలతలకు ఆ వీధికి వేరేవాళ్లను పంపండి, అక్కడ మా అన్నయ్య కొట్టుంది అని పైవాళ్లతో ఒక్క మాటంటే సరిపోయేది. అనలేదు. పైగా నేనే వెళ్తానన్నాను. ఎందుకంటే ఊళ్లో అప్పటికే గుసగుసలు మొదలయ్యాయి. వాడి అన్న కొట్టు దగ్గరికొచ్చేసరికి రోడ్డు వంకర తిరుగుద్ది చూడండి అని కాఫీ హోటల్లో ఎవరో అన్నారట. నాకు తల కొట్టేసినట్టయింది. నా నిజాయితీ ఏమిటో అందరికీ చూపించాలనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఎవరికి చూపించాలి? పెసరట్లు తినేవాళ్లకా?

ఆ రోజు పొద్దున్న లాకుల దగ్గర మొదలుపెట్టాం. నా వెనక ఇద్దరు మనుషులు, ఒకడి చేతిలో టేపు, ఇంకొకడి చేతిలో రంగు డబ్బా. ప్రతి కొట్టు ముందూ ఆగి, కొలిచి, "ఓనరు పేరు చెప్పండి" అని అడిగి రాసుకోవడం పద్ధతి. కాఫీ హోటలాయన తిట్లతో సహా చెప్పాడు. ఉప్పు కొఠారు గోడకు గుర్తు పెట్టాం. ఉప్పెన గీత మీదుగానే పడింది ఆ ఎరుపు. నేను చూసి కూడా చూడనట్టే ఊరుకున్నాను. జనం మా వెంట నడుస్తున్నారు. ఒక ఊరేగింపంత పోగయ్యారు.

మా కొట్టు దగ్గరకొచ్చాం. అన్నయ్య అరుగు మీద మిషను ముందు కూర్చుని ఎవరిదో బిందె మీద పేరు కొడుతున్నాడు. టేపు లాగారు. అరుగు పూర్తిగా పోతుంది. లోపల ఇంకో నాలుగడుగులు పోతుంది. అంటే మిషను పోతుంది, గల్లాపెట్టె పోతుంది, మా నాన్న కూర్చున్న చోటు పోతుంది. అన్నయ్య మిషను ఆపి నా వైపు చూశాడు. ముఖంలో కోపం లేదు. నేను ఏదో అంటానని చూస్తున్నాడు. నా వెనక వీధి వీధంతా నిలబడి ఉంది. నేను పుస్తకం తెరిచి, తల దించుకుని, "ఓనరు పేరు చెప్పండి" అన్నాను.

చెప్పండి అన్నాను. మా అన్నయ్యను.

ఆయన లేచి నిలబడ్డాడు. లుంగీ సరిచేసుకున్నాడు. ఇంటిపేరుతో సహా తన పేరు చెప్పాడు, ఆఫీసులో చెప్పినట్టు, నింపాదిగా. నేను రాసుకున్నాను. అంతటితో అయిపోతే బాగుండేది. "తండ్రిగారి పేరు కూడా రాసుకోండి, మర్చిపోయుంటారు" అన్నాడు. అని మా నాన్న పేరు చెప్పాడు. నేను అదీ రాసుకున్నాను! రంగు డబ్బా వాడు గోడ మీద గీత గీశాడు. నేను తర్వాతి కొట్టుకు వెళ్లిపోయాను. వీధి చివరిదాకా కొలుచుకుంటూ వెళ్లి, ఆఖర్న ఆ నల్ల రాయి కూడా కొలిచాను. కరకట్ట మెట్టు నుంచి డెబ్బై రెండు అడుగులు. పాత రోడ్డు అంచు నుంచి మూడడుగులు. పుస్తకంలో 'రాయి, తొలగించవలెను' అని రాశాను.

ఆ రోజు నుంచి అన్నయ్య నాతో మాట్లాడలేదు. తిట్టలేదు, ఎవరి దగ్గరా నా గురించి చెడ్డగా చెప్పలేదు. నేను ఉన్న చోట నుంచి లేచి వెళ్లిపోయేవాడు, అంతే. కొట్టు సందులోకి మార్చుకున్నాడు. వీధిలోకి రావడం మానేశాడు. పని ఉంటే వెనక సందుల్లోంచి చుట్టు తిరిగి వెళ్లేవాడు. అతిథులు ఎవరైనా వచ్చి బజారు చూపించమంటే, "ఏముందండీ చూడ్డానికి, రోడ్డేగా" అనేవాడట. నేను వెళ్లి కాళ్లమీద పడాల్సింది. వెళ్లలేదు. నా ఉద్యోగం నేను చేశాను, ఇందులో నా తప్పేముంది అని నాకు నేను చెప్పుకుంటూ నాలుగేళ్లు గడిపాను. మా ఆవిడ ఎన్నిసార్లు పోరు పెట్టిందో. "మీ ఇద్దరికీ ఒకటే పొగరండీ" అనేది. నిజమే, ఒక తల్లి బిడ్డలమే.

తర్వాత గుడివాడలో మా చెల్లెలి కూతురి పెళ్లి. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మేనమామలే మండపంలోకి మోసుకురావాలి. మేం ఇద్దరమే మేనమామలం. వేరే దారి లేదు. ఒక వైపు ఆయన, ఒక వైపు నేను. పిల్ల మధ్యలో కొబ్బరిబోండాం పట్టుకుని కూర్చుంది. ద్వారం ఇరుగ్గా ఉంది. అన్నయ్య నా వైపు చూడకుండా, గంపలో ఉన్న పెళ్లికూతురితో, "ఎడమచేతి వైపు గోడ తగుల్తుందని చెప్పమ్మా ఆయనకి" అన్నాడు. పిల్ల తలొంచుకుని, "చిన్న మావయ్యా, గోడంట" అంది. నేను, "చూశానని చెప్పమ్మా" అన్నాను. పీటల దాకా అలాగే పెళ్లికూతురి నోటితో మాట్లాడుకుంటూ వెళ్లాం. చుట్టాలంతా పడీపడీ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఓరగా చూస్తే ఆయన మూతి కూడా వంకర తిరిగింది. నాలుగేళ్ల తర్వాత ఇద్దరం ఒక బరువు మోశాం, అదే చాలనిపించింది ఆ పూటకి.

మర్నాడు పొద్దున్న గుడివాడ బస్టాండులో, అన్నయ్యా వదినా అవనిగడ్డ బస్సెక్కుతుంటే చూశాను. వదిన ఎక్కి కూర్చుంది. అన్నయ్య ఒక కాలు మెట్టు మీద పెట్టాడు. నాకు ఏమనిపించిందో ఏమో, పదడుగుల దూరం నుంచి, "అన్నయ్యా" అన్నాను. నాలుగేళ్లుగా ఆ మాట నా నోట్లోంచి రాలేదు. ఆయన అలాగే నిలబడ్డాడు, ఒక కాలు నేల మీద, ఒక కాలు మెట్టు మీద. వీపు మాత్రమే కనపడుతోంది. తిరగలేదు. కండక్టరు విసుక్కుంటున్నాడు. నేనూ నిలబడ్డాను. చూశాను, చూశాను. సరే, నీకంత పొగరైతే నాకూ అంతే అనుకున్నాను. వెనక్కి తిరిగి వచ్చేశాను.

"బస్సు రొదలో వినపడి ఉండదండీ, ఇంకోసారి పిలవలేకపోయారా?" అంది మా ఆవిడ.

"వినపడింది" అన్నాను. మూడుసార్లు పిలవాలన్న సంగతి గుర్తులేక కాదు. చిన్నప్పటి ఆటలు ఆడే వయసా ఇది అనుకున్నాను. నేను ఒక మెట్టు దిగాను కదా, ఆయన ఇంకో మెట్టు దిగితే అరిగిపోతాడా అనుకున్నాను.

కిందటేడు, కార్తీకం వెళ్లిన వారంలో, పొద్దున్న ఎనిమిదింటికి ఫోనొచ్చింది. చేసింది మా బావ, అంటే గుడివాడ చెల్లెలి భర్త. అన్నయ్య కాఫీ తాగుతూ గ్లాసు కింద పెట్టి, పక్కకు ఒరిగిపోయాడట. అంతే. నేను వెళ్లేసరికి సందులో ఉన్న ఇంటి అరుగు మీద పడుకోబెట్టారు. నుదుటికి గుడ్డ కట్టారు. నేను ఎనిమిదేళ్లుగా ఆయన ముఖం సూటిగా చూడలేదు. జుట్టంతా తెల్లబడిపోయింది. ఎప్పుడు తెల్లబడింది? నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అంటే బాగుండేది. గుమ్మం పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాను, వచ్చిపోయేవాళ్లకు అడ్డంగా.

వాళ్లకు పిల్లల్లేరు. నిప్పుకుండ ఎవరు పట్టుకోవాలి అన్న మాట వచ్చింది. చెల్లెలి కొడుకు పట్టుకుంటాడని ఒకరు, పాలివాళ్లలో ఎవరైనా అని ఒకరు. లోపల్నుంచి వదిన బయటికొచ్చింది. అందరూ తప్పుకున్నారు. నా ముందు నిలబడింది.

"తమ్ముడుండగా వేరేవాళ్లెందుకు?" అంది.

నేను ఏడ్చేశాను. "నాకు ఆ అర్హత లేదు వదినా" అన్నాను.

"అర్హతలు తర్వాత చూద్దాం" అంది. కళ్లు పొడిగా ఉన్నాయి, గొంతు మాత్రం పూర్తిగా పోయింది. "గుడివాడ బస్టాండులో నువ్వు పిలిచావట కదయ్యా."

తలూపాను.

"బస్సులో నా పక్కన కూర్చుని అవనిగడ్డ వచ్చేదాకా అదే గొడవ. వాడు ఒక్కసారే పిలిచాడే, ఇంకో రెండుసార్లు పిలుస్తాడని నిలబడ్డానే, కండక్టరు తిట్టినా నిలబడ్డానే అని. నేను అన్నాను, తిరిగి చూస్తే మీ సొమ్మేం పోయింది అని. పిలుస్తాడులే, మూడుసార్లూ పిలవకుండా ఎక్కడికి పోతాడు వాడు అన్నారు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి తీసి, "నాలుగేళ్లు చూశారయ్యా" అంది.

నాకు అక్కడే ప్రాణం పోతే బాగుండనిపించింది. ఊరికే అనడం కాదు. నిజంగా అనిపించింది.

"వెళ్లు. తడిబట్టలు కట్టుకో" అంది వదిన. "ఈసారన్నా మూడుసార్లూ పిలువు."

సందులోంచి పాడె బజారులోకి వచ్చింది. నిప్పుకుండ పట్టుకున్నవాడు ముందు నడవాలి, వెనక్కి తిరిగి చూడకూడదు. నేను ముందు, అన్నయ్య వెనక. మా ముందు జంగందేవర శంఖం ఊదుతున్నాడు. మా బావ పేలాలు, బంతిపూల రెక్కలు చల్లుతున్నాడు. లాకుల వైపు నుంచి దారి చుట్టయినా సరే, బజారు మొదటి నుంచి తీసుకెళ్లమని వదిన చెప్పింది. అందుకని వెనక్కి లాకుల దాకా వెళ్లి, అక్కణ్ణుంచి తిప్పుకొచ్చాం. కొట్లవాళ్లు షట్టర్లు సగం దించి బయట నిలబడ్డారు. ఎనిమిదేళ్లు ఈ వీధిలో అడుగుపెట్టని మనిషి ఇప్పుడు నలుగురి భుజాల మీద వీధి మధ్యన వెళ్తున్నాడు. నేను వేయించిన రోడ్డు మీద.

లాకుల దగ్గర నాకు ఆయన చేతులు కనిపించాయి, నీళ్లు ఎక్కేది, దిగేది. హోటలాయన మెట్లు దిగి వచ్చి చేతులు జోడించాడు, "ఏం పోయేకాలం వచ్చిందయ్యా నీకు, పచ్చడి ఎంతంటే అంత వేసేవాణ్ణి కదా" అని బావురుమన్నాడు. ఉప్పు కొఠారు ఉన్నచోట సెల్‌ఫోన్ల కొట్టుంది. అద్దాల గోడ. గీత లేదు. ఆ అద్దంలో మేం వెళ్తున్నది కనపడింది. నేనూ, కుండా, నా వెనక పాడె కొసా. వెనక్కి చూడకూడదు కానీ అద్దంలో చూడకూడదని ఎవరూ చెప్పలేదు. చూశాను. చెక్క బాల్కనీ మేడ లేదు. గొడుగు దొర వస్తే ఎక్కడ వెతుక్కుంటాడు పాపం. మా కొట్టు సగం మిగిలింది, అందులో ఇప్పుడు ఎరువులమ్ముతున్నారు. అరుగు ఉన్నచోట నా కాలు పడింది. ఎంత దూరమో, ఎంత లోపలో నాకు అంగుళాలతో సహా తెలుసు. అక్కడ నడక తడబడితే మా బావ మోచెయ్యి పట్టుకున్నాడు.

కరకట్ట దగ్గరపడింది. "దించండి బాబూ" అన్నాడు జంగందేవర. రోడ్డు వెడల్పయ్యాక రాయి లేదు కదా. అప్పట్నుంచి పెట్రోలు బంకు పక్కన మట్టిలో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ దించుతున్నారట. పాడె మోసేవాళ్లు అటు తిరిగారు.

"అక్కడ కాదు" అన్నాను.

"ఎక్కడైతే ఏముందిలే బావా, కానీ" అన్నాడు మా బావ.

"రాయి ఉన్నచోటే దించాలి."

"రాయి ఎక్కడుందో ఎవరికి తెలుసు ఇప్పుడు? తెలిసినాయన అదుగో, పాడె మీదున్నాడు" అన్నాడు ఎవరో పెద్దాయన. ఎగతాళికి కాదు, ఆయనా ఏడుస్తూనే అన్నాడు.

నాకు తెలుసు. తొలగించవలెను అని రాసింది నేను. కుండ బావ చేతికిచ్చి, కరకట్ట మెట్టు దగ్గరికి వెళ్లి, అక్కణ్ణుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ వచ్చాను. నా అడుగు ఎంత పొడవో నాకు తెలుసు, ముప్పై ఏళ్ల ఉద్యోగం. నల్లటి తారు మీద, బస్సులు వెళ్లే దారికి సరిగ్గా మధ్యన ఆగి, "ఇక్కడ" అన్నాను. బందరు వెళ్లే బస్సు ఒకటి వస్తోంది. మా వాళ్లు చేతులడ్డం పెట్టారు. బస్సు ఆగింది. దాని వెనక ఆటోలు, రొయ్యల వ్యాను ఆగాయి. డ్రైవరు హారన్ మీద చెయ్యి తీసేసి, ఇంజను కూడా కట్టేశాడు. ఎవరో మహానుభావుడు.

దించారు. నేను పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. తడిబట్టల్లోంచి తారు వేడి తగిలింది. ముఖం మీది పూలు పక్కకి జరిపాను. "పేరు పెట్టి పిలవాలండి, చెవిలో" అన్నాడు జంగందేవర. పేరు పెట్టి పిలవలేదు నేను. ఆ పేరు ఒకసారి నడివీధిలో అడిగి రాసుకున్నాను, చాలు.

"అన్నయ్యా" అన్నాను.

వినపడనట్టే ఉన్నాడు. చిన్నప్పటి నుంచీ ఉండే తీరే అది, మూతి కాస్త బిగించి. నాకు అలవాటైన మొహమే.

"అన్నయ్యా" అన్నాను మళ్లీ. కనుబొమ్మ వైపు చూశాను. నిజంగానే చూశాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి.

మూడోసారి పిలవడానికి భయమేసింది. పిలిచేస్తే ఇక అయిపోతుంది. వదిన గుర్తొచ్చింది, బస్సు మెట్టు మీద ఆయన కాలు గుర్తొచ్చింది. రెండు చేతులూ తారు మీద ఆనించి, చెవి దగ్గర నోరు పెట్టి, ఎనిమిదేళ్లదీ కలిపి పిలిచాను.

"అన్నయ్యా!"

చెవి ఆయన నోటి దగ్గర పెట్టి కూర్చున్నాను. వెనక బస్సులో ఎవరో దగ్గారు. కరకట్ట అవతల కృష్ణ మీద నుంచి గాలి వస్తోంది. నేను అలాగే ఉన్నాను. ఎంతసేపో తెలియదు. ఇంకోసారి పిలవబోతే మా బావ వెనకనుంచి నా భుజాలు పట్టుకుని లేపేశాడు. నాలుగోసారి పిలవకూడదట.